అక్షరానికి పూచీ ఎవరిది?

మన కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖద్వారాలు ఉన్నవి. ఎడమ అట్ట తెరచినవారిని తెలుగు విభాగం పలుకరిస్తుంది. కుడి అట్ట తెరచినవారిని ఉర్దూ విభాగం. ఒక లిపి ఎడమ నుండి కుడికి, మరొక లిపి కుడి నుండి ఎడమకు నడచివచ్చి, నడుమ ఎక్కడో ఒక పుట వద్ద ఎదురుబొదురుగా నిలుస్తాయి. ఆ నడిమి పుటలో తరచుగా క్రీడాకారుల ఛాయాచిత్రం ఉంటుంది. విద్యార్థులు మొట్టమొదట వెదకేది ఆ పుటనే కనుక అందులో అనౌచిత్యమేమీ లేదు.

గత వేసవి సెలవులలో, గ్రంథాలయంలో కుట్టించి ఉంచిన పాత సంచికల సంపుటాలను వరుసగా తిరగవేసే అవకాశం మాకు కలిగినది. వ్యాసాలు చదువుదామని కూర్చున్న మేము అక్షరాలను చూస్తూ కూర్చుండిపోయినాము. తెలుగు వైపు సీసపు అచ్చు. కాగితం వెనుక వేలితో తడిమితే అక్షరం ఒత్తుకొన్న జాడ నేటికీ తగులుతున్నది. ఇంగ్లీషు అచ్చు కూర్చేవానికి ఇరవైయారు అక్షరాలు, వాటి పెద్ద చిన్న రూపాలు చాలును. తెలుగు కంపోజిటరుకో, అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి వందలాది ముక్కలు గళ్ళుగళ్ళుగా ఉన్న కేసులలో ఎదుట ఉండేవి. ఏ గడిలో ఏ ముక్క ఉన్నదో అతని కన్ను కాదు, చేయి ఎరిగి ఉండాలి. ఒక్క క్యావడి చేయిజారితే ‘పద్యం’ కాస్తా ‘పదం’ అయి కూర్చుంటుంది.

ఉర్దూ వైపు అసలు అచ్చుముక్కలే లేవు. కాతిబు పూతపూసిన కాగితంపై జిడ్డుసిరాతో పుట యావత్తూ స్వహస్తంతో వ్రాసేవాడు. దానిని రాతిపై, పిమ్మట జింకు రేకుపై దించి ముద్రించేవారు. రాతిమీద అక్షరం అద్దంలోని ప్రతిబింబంవలె కుడియెడమలు తారుమారై ఉంటుంది. అక్కడ తప్పు కనబడితే, తిరగబడిన అక్షరాన్ని తిరగబడినట్లే దిద్దగల నిపుణుడు వేరొకడు ఉండేవాడు. అతనిని సంగ్‌సాజ్ అనేవారు. సంగ్ అంటే రాయి. ఒక లేఖకుడు, అతని తప్పు దిద్దడానికి రాతి ముందు వంగి కూర్చున్న మరొక మనిషి: మన సంచికలో ఇరవై పుటల ఉర్దూ విభాగం వెనుక ఇంత పరివారం ఉండేది.

ఇంత శ్రమ ఎందుకు, ఉర్దూకు కూడా సీసపు అక్షరాలు పోతపోయరాదా అని తెలుగు పాఠకులకు సందేహం కలగవచ్చును. పోయలేదని కాదు. 19వ శతాబ్ది ఆరంభంలో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల కొరకు నస్తలీఖ్ అచ్చుతో గ్రంథాలు వెలువడినవి. కాని నస్తలీఖ్ స్వభావం వేరు. ఇరానులో పుట్టి, సంప్రదాయం మీర్ అలీ తబ్రీజీ పేరుతో ముడిపెట్టిన ఆ లిపిలో మాట తిన్నని గీతపై నిలవదు. కుడివైపు ఎత్తున మొదలై ఎడమకు వాలుతూ దిగుతుంది. ఇరుగుపొరుగు అక్షరాలను బట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకొంటుంది. ఆ వాలును నలుచదరపు సీసపు ముక్కలలో బంధించడం నీటిని మూటకట్టడం వంటిది. చదువరుల కన్ను ఆ అచ్చును అంగీకరించలేదు. 1858లో లక్నోలో వెలసిన నవల్ కిశోర్ ముద్రణాలయం రాతి అచ్చునే ఆశ్రయించి ఉర్దూ, ఫారసీ గ్రంథాలను ఇంటింటికీ చేర్చినది. మదరాసులో 1927లో ఆరంభమైన ‘ముసల్మాన్’ దినపత్రిక 21వ శతాబ్దిలోనూ కాతిబుల చేతివ్రాతతోనే వెలువడినదన్నది జగమెరిగిన విషయం.

మా మాతామహులు కాతిబు. ఈ మాట గర్వానికై చెప్పడం లేదు; ఈ వ్యాసానికి మూలం ఆయన అడిగిన ఒక ప్రశ్న కనుక చెప్పవలసి వచ్చినది. రెల్లు కలానికి వాలుగా కత్తివేటు వేసి, ఆ కలపు మొనతో పెట్టిన చుక్కనే కొలబద్దగా చేసుకొని ఆయన అక్షరం కొలిచేవారు. నస్తలీఖులో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. నాలుగవ చుక్క ఎత్తుకు పోయిన అలిఫ్‌ను ఆయన ‘మెడ నిక్కించినది’ అనేవారు. కంప్యూటరు వచ్చి 1990 దశకంలో ఆయన వృత్తిని హరించినది. పిదప పెండ్లి శుభలేఖలు, అవీ పోయిన పిదప సమాధి ఫలకాలు మాత్రమే మిగిలినవి. మా బాల్యంలో ఒకనాడు మా ఇంటికి కంప్యూటరులో కూర్చిన శుభలేఖ ఒకటి వచ్చినది. తన నోటి ముద్ద తీసిన ఆ యంత్రాన్ని ఆయన తిట్టిపోస్తారని ఇంటిల్లపాదీ ఎదురుచూచినారు. ఆయన ఆ కాగితాన్ని దీపం దగ్గరగా పట్టుకొని చాలసేపు చూచి, “బాగున్నది. ఎవరి దస్తూరి ఇది?” అని అడిగినారు.

మేము నవ్వినాము. యంత్రానికి దస్తూరి ఏమిటని పిల్లలకు నవ్వు. ఆయన ప్రశ్నలో నవ్వదగినది ఏమీ లేదని తెలుసుకోవడానికి మాకు ఇరవై ఏండ్లు పట్టినది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అనే లేఖన కళాకారుడు మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తలీఖ్ అనే అక్షరసంపుటిని సిద్ధం చేసినాడు. విడి అక్షరాలతో ఆ లిపి లొంగదని గ్రహించి, దాదాపు 20 వేల అక్షరసంయోగాలను సమకూర్చినారు. అవన్నీ కలంతో వ్రాసిన రూపాలే. ఆ సంపుటికి తన తండ్రి నూర్ అహ్మద్ పేరు పెట్టుకొన్నాడు. లాహోరు జంగ్ దినపత్రిక 1981లోనే దానితో వెలువడినది. 1994లో ఢిల్లీ నుండి ఇన్‌పేజ్ వచ్చిన తరువాత ఆ అక్షరాలు మన ఊళ్ళలోని చిన్న చిన్న ముద్రణాలయాలకు సైతం చేరినవి. శుభలేఖలో మా తాతగారు చూచినది నిజంగానే ఒక మనిషి దస్తూరి. యంత్రం దానిని మోసుకొని వచ్చినది, అంతే.

కాబట్టి యంత్రం వచ్చి అందాన్ని చంపినదని వాపోవడం మా ఉద్దేశం కాదు. సీసపు దుమ్ము కంపోజిటరు ఊపిరితిత్తులకు మేలు చేయలేదు. నలభై ఏండ్లకే చూపు మందగించిన కాతిబులను మేము ఎరుగుదుము. మారుమూల గ్రామం నుండి వచ్చే మన విద్యార్థి నేడు చేతిలోని ఫోనుపై తెలుగులోనో ఉర్దూలోనో కవిత కూర్చి రాత్రికి రాత్రి సంపాదకునికి పంపగలుగుతున్నాడు. ఇది సామాన్యమైన లాభం కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంస్కరణలోనే తెలుగుకూ, అరబ్బీ లిపి కుటుంబానికీ చోటు దొరికినది. ఆ పద్ధతిలో నిల్వచేసిన పాఠాన్ని చూపులేని విద్యార్థికి యంత్రం చదివి వినిపించగలదు. ఏ కాతిబు కలమూ ఆ పని చేయలేదు. నాణ్యత అంటే కంటికి ఇంపు ఒక్కటే కాదని మేము ఒప్పుకొంటున్నాము.

అయితే తెలుగు పుటల సంగతి ఏమిటి? ఇక్కడ మేము కొంచెం కఠినంగా మాట్లాడవలసి ఉన్నది. తెలుగు అక్షరం నిలువునా పెరిగే అక్షరం. పైన గుడిదీర్ఘం, నడుమ హల్లు, క్రింద ఒత్తు, ఆ ఒత్తుకు తోడు మరొక ఒత్తు. ‘రాష్ట్రీయ’ అని వ్రాసి చూడండి. సీసపు ముక్కకు ఒళ్ళు ఉన్నది. ఒక ముక్క మరొక ముక్కమీదికి ఎక్కలేదు. కనుక కంపోజిటరు కోరినా కోరకపోయినా పంక్తికీ పంక్తికీ నడుమ చోటు దానంతట అదే ఏర్పడేది. తెరమీద అక్షరానికి ఒళ్ళు లేదు. రోమను అక్షరాల పొట్టితనానికి తగిన ఎడాన్ని యథాతథంగా తెలుగుకు తగిలిస్తే పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని పొడుస్తుంది. నాలుగు పుటల వ్యాసాన్ని మూడు పుటలలో ఇరికించాలని ఆ ఎడాన్ని ఇంకా తగ్గిస్తారు. పంక్తి నిండకపోతే అక్షరాన్నే అడ్డంగా సాగదీస్తారు. శీర్షికకు నీడ, నీడకు రంగు, రంగుకు అంచు. ఇన్ని చేయవచ్చునని యంత్రం చెప్పినది కనుక చేస్తున్నాము. చేయవలెనని అది చెప్పలేదు.

మంచి తెలుగు అక్షరాలు లేక ఈ దుస్థితి కలుగలేదు. బాపుగారి (1933–2014) చేతివ్రాత కంప్యూటరు అక్షరాలుగా రూపొందినది. ఆ గుండ్రని ఒయ్యారం చూచి ఇది బాపు అని గుర్తుపట్టని తెలుగువాడు అరుదు. పోతన, వేమన పేర్లతో యూనికోడ్ అక్షరసంపుటులు ఎవరైనా ఉచితంగా వాడుకొనేందుకు ఉన్నవి. ఉన్నదానిని చూచి ఎన్నుకొనే కన్ను లోపించినది. 1854లో మదరాసులో నెలకొన్న వావిళ్ళవారి ముద్రణాలయానికి నేటి సదుపాయాలలో పదవ వంతు లేవు. అయినా వావిళ్ళ ప్రతి అంటే తప్పులుండవన్న నమ్మకం తెలుగు పండితులలో తరతరాలు నిలిచినది. ఆ నమ్మకాన్ని సంపాదించినది యంత్రం కాదు, పరిష్కర్తలు.

ఇక నిరుటి సంచిక సంగతి. దానిని దాచిపెట్టి ఈ విషయంపై వ్రాయడం మాకు న్యాయంగా తోచలేదు.

నిరుడు బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకరు ఉర్దూలో ఒక నజ్మ్ వ్రాసి ఇచ్చినారు. తొలి రచన. దానిని యూనికోడులో చక్కగా కూర్చి పంపినారు. ముద్రణాలయంలో ఆ పాఠాన్ని కుడియెడమల జ్ఞానం లేని మరొక సాఫ్ట్‌వేరులోకి ఎత్తి పోసినారు. తత్ఫలితంగా అక్షరాల బంధాలన్నీ తెగి, ప్రతి అక్షరమూ ఒంటరిదై, పైగా ఎడమ నుండి కుడికి బారులు తీరి అచ్చయినవి. తెలుగువారికి బోధపడేట్లు చెప్పాలంటే, ‘కళాశాల’ అన్న మాటలో గుణింతాలను ఊడబెరికి తలకట్లను ఒకచోట, హల్లులను ఒకచోట పోసి, చివరి నుండి మొదటికి పేర్చినట్లు. ఇట్టి ఉర్దూ బస్సులమీద, కార్యాలయాల నామఫలకాలమీద అందరమూ చూస్తూనే ఉన్నాము. చూచి చూచి అలవాటుపడినాము.

సంచిక వెలువడిన మరునాడు ఆ విద్యార్థిని మా గదికి వచ్చి, కోపం లేని గొంతుతో, “సార్, అబ్బా చదవలేకపోయారు,” అన్నది. ఆమె తండ్రి దర్జీ. తెలుగు మాట్లాడగలరు కాని చదవలేరు; ఉర్దూ ఒక్కటే చదవగలరు. కూతురి పేరు అచ్చులో చూద్దామని కళ్ళద్దాలు పెట్టుకొని కూర్చుని, ఆ పుటను ఇటూ అటూ త్రిప్పి, “ఇదేం భాష బేటీ?” అని అడిగినారట.

మేము ముద్రణాలయానికి పోయి విచారించినాము. యజమాని ఆపరేటరును చూపినారు. ఆపరేటరు, తనకు ఉర్దూ రాదనీ, సిస్టంలో ఎట్లా వచ్చినదో అట్లాగే వేసినాననీ అన్నాడు. ఉర్దూ శాఖలోని మిత్రులు తమకు ప్రూఫు రాలేదన్నారు. కమిటీవారు గడువు ముంచుకొచ్చినదన్నారు. తిలా పాపం తలా పిడికెడు. తుట్టతుదకు ఒక కాగితం బయటపడినది. ఆఖరి ప్రూఫు అది. దాని క్రింద ‘అచ్చుకు అనుమతి’ అని ఉన్నది. సంతకం మాది. తరగతిలో ఒత్తు పోయిన మాటకు మార్కు తగ్గించే మేము, ఉర్దూ ఇంట మాట్లాడి బడిలో చదివి పెరిగిన మేము, తెలుగు విభాగం పుటలు మాత్రమే చూచి మొత్తం సంచికకు సంతకం పెట్టినాము. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినది.

ఈ ఉదంతంలో మమ్మల్ని ఎక్కువగా కలవరపరచినది తప్పు కాదు. తప్పులు పాత సంచికలలో కొల్లలుగా ఉన్నవి. కాని ఆ సంపుటాలలో చివరి పుట చూడండి. తెలుగు వైపు ‘తప్పొప్పుల పట్టిక’ ఉంటుంది. ఉర్దూ వైపు ‘గలత్‌నామా’ ఉంటుంది. ఫలానా పుటలో ఫలానా పంక్తిలో ‘కల’ అని ఉన్నచోట ‘కళ’ అని చదువుకొనగోరెదము. ఫలానా చోట ‘జుదా’ అని పడినది, చుక్క పైకి జరిపి ‘ఖుదా’ అని చదువవలెను. అచ్చు ముగిసిన తరువాత సైతం ఎవరో ఒకరు కూర్చుని ఆసాంతం మళ్ళీ చదివి, సిగ్గుపడి, ఆ సిగ్గును అచ్చువేసి అతికించినారన్నమాట. గలత్‌నామా క్రింద, పుట మూలన, ‘కతబహు’ అని కాతిబు పేరు ఉంటుంది. వ్రాసినది ఫలానావాడు అని. మన గ్రంథాలయంలో 1996 తరువాతి ఏ సంచికలోనూ ఆ పట్టిక లేదు, ఆ పేరూ లేదు. ఆ సంవత్సరం నుండి మన సంచికలో తప్పులు పడటం మానినవని ఎవరూ అనరు.

యంత్రం వచ్చినప్పుడు కంపోజిటరు, కాతిబు, సంగ్‌సాజ్, ప్రూఫురీడరు అనే నలుగురి పని ఒక్క కుర్చీలోకి చేరినది. పని చేరినది, పూచీ చేరలేదు. అది ఆ నలుగురితోపాటే వెళ్ళిపోయినది. ‘సిస్టంలో అట్లా వచ్చినది’ అన్న మాట ఆ ఖాళీలో పుట్టినదే. బ్యాంకులోనూ, తహసీలుదారు కార్యాలయంలోనూ పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే సంవత్సరాల తరబడి తిరిగే మన విద్యార్థుల తల్లిదండ్రులకు ఈ మాట క్రొత్త కాదు. ‘షేక్’ ఒకచోట, ‘షైక్’ మరొకచోట పడినందుకు ఉపకారవేతనం ఆగిపోయిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. అక్షరదోషం అలంకార విషయం అనుకొనేవారు ఆ వరుసలో ఒకసారి నిలబడి చూడాలి.

మొన్నటి సమావేశంలో, ఉర్దూ విభాగాన్ని రెండు పుటలకు కుదిస్తే ఈ చిక్కులు ఉండవన్న సూచన ఒకటి వినవచ్చినది. సదుద్దేశంతోనే చేసిన సూచన అది. కాని కాలికి ముల్లు గుచ్చుకొన్నదని కాలు తీసివేసుకోము. పెద్దలు మన్నించాలి, ఆ సూచనను మేము నిండు మనస్సుతో వ్యతిరేకిస్తున్నాము. ఖర్చు సంగతి అంటారా, నిరుడు మెరుగుకాగితంపై అచ్చయిన రంగుల పుటలు పదహారు. వాటిలో పదకొండింటిలో అతిథులకు శాలువలు కప్పే దృశ్యాలు ఉన్నవి. అతిథులపట్ల మాకు గౌరవమే. నాలుగు శాలువలకు ఒక పుట చాలదా? మిగిలిన పుటల ఖర్చుతో ఉర్దూ తెలిసిన ప్రూఫురీడరు ఒకరినీ, తెలుగు తెలిసినవారిని ఒకరినీ నెలరోజులపాటు నియమించుకోవచ్చును. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి అందమైన దస్తూరిలోనూ, రేఖాచిత్ర రూపకల్పనలోనూ శిక్షణ కేంద్రాలను నడుపుతున్నది. అట్టి శిక్షణ పొందిన యువకులకు మన సంచికలో ఒక చిన్న పని దొరికినా మంచిదే. గడువును పక్షం రోజులు ముందుకు జరపడానికి పైసా ఖర్చు కాదు. రచయిత తన రచన ప్రూఫును స్వయంగా చూచి సంతకం చేయనిదే పుట అచ్చుకు పోరాదన్న నియమానికీ ఖర్చు లేదు. తప్పొప్పుల పట్టికను ఈ ఏడు మళ్ళీ వేయాలని మేము పట్టుబట్టినాము. అది సంచికకు అప్రతిష్ఠ అని ఒక మిత్రుడు అభిప్రాయపడినారు. ఆ వాదం ఇంకా ముగియలేదు.

నిరుడు ఛిన్నాభిన్నమైన నజ్మ్‌ను ఈ సంచికలో ఉర్దూ విభాగం మొదటి పుటలో పునర్ముద్రిస్తున్నాము. గతవారం దాని ప్రూఫు మా బల్లపైకి వచ్చినది. ఈ మారు ఆ విద్యార్థిని తండ్రిని కూడ వెంటబెట్టుకొని వచ్చినారు. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని, వేలు పంక్తి వెంట కుడి నుండి ఎడమకు నడిపిస్తూ, పెదవులు కదిలేట్లు మెల్లగా ఆసాంతం చదివినారు. ఏడవ పంక్తి వద్ద వేలు ఆగినది. కూతురివైపు చూచినారు. ఆమె ఎర్రకలం తీసుకొని ఒక చుక్క చుట్టూ సున్న చుట్టి, ప్రక్కన ‘పైకి’ అని వ్రాసి, అడుగున సంతకం చేసినది. దాని క్రింద మేమూ చేసినాము.